ఆకు రంగు అంకెల్లో కలర్ స్పేస్ పాత్ర

వరిలో నత్రజనిని పైపాటుగా వేయవలసిన తరుణాన్ని ఆకు పచ్చదనం సూచిస్తుంది. ఆకు రంగుల పట్టికతో కంటితో పోల్చే పద్ధతికి తోడు, ఛాయాచిత్రంలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల ఆధారంగా నత్రజని స్థితిని అంచనా వేసే ప్రయోగాలు నేడు జరుగుతున్నాయి. వీటిలో కెమెరా, వెలుతురు, చిత్రం తీసిన వేళ నమోదవుతాయి గాని, ఆ అంకెలు ఏ కలర్ స్పేస్‌కు చెందినవో రాయడం తరచూ మరుగున పడుతుంది. దిగుబడి 25 అని రాసి, అవి బస్తాలో క్వింటాళ్లో చెప్పకపోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ అంతకంటే విస్తృతమైనది; ఆ విస్తృతి ముఖ్యంగా ఆకుపచ్చ వైపే ఉండడం వ్యవసాయ పరిశోధకులు గమనించదగినది. ఎస్‌ఆర్‌జీబీలో 60, 120, 40గా ఉన్న ఒక ఆకు రంగును అడోబ్ ఆర్‌జీబీలోకి మార్చితే సుమారు 83, 119, 50 అవుతుంది. ఆకు అదే, తెరపై కనబడే రంగూ అదే. కాని మూడు విలువల మొత్తంలో ఆకుపచ్చ వాటా 0.55 నుండి 0.47కు, ఎక్సెస్ గ్రీన్ సూచిక 0.64 నుండి 0.42కు పడిపోతాయి. రెండు మడుల చిత్రాలు రెండు అమరికలతో తీసినవైతే, పట్టికలో కనబడే తేడా ఎరువుది కాక కెమెరా మెనూది కావచ్చు. ఆ తేడాను నమ్మి యూరియా మోతాదు సిఫారసు చేస్తే నష్టపోయేది రైతు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఎడిటింగ్‌లో. చిత్రానికి కొత్త ప్రొఫైల్‌ను కేటాయిస్తే అంకెలు మారవు, రంగు మారుతుంది. ఒక ప్రొఫైల్ నుండి మరొకదానికి మార్చితే రంగు నిలిచి అంకెలు మారతాయి. అన్ని చిత్రాలనూ ఒకే కలర్ స్పేస్‌కు తేవడానికి ఈ రెండవదే కావాలి.

ఏది ఎంచుకోవాలన్నది అంత క్లిష్టమైన ప్రశ్న కాదు. ఆకుల రంగులు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీలో ఇముడుతాయి కనుక పత్ర విశ్లేషణకు అది చాలు. బంతి వంటి గాఢ వర్ణపు పూలకు విస్తృత కలర్ స్పేస్, దానితో 16 బిట్ల ఫైలు మేలు. ఎంచుకున్నదానిని ప్రయోగం ముగిసేవరకు మార్చరాదు. పద్ధతుల విభాగంలో పేరుతో పేర్కొనాలి. అయితే వెలుతురు తేడాలను ఇది సరిదిద్దదు. బూడిదరంగు ప్రామాణిక కార్డు ప్రతి చిత్రంలోనూ ఉండవలసిందే.

కొన్ని సందేశ యాప్‌ల ద్వారా పంపిన చిత్రాల్లో ప్రొఫైల్ సమాచారం తొలగిపోవచ్చు. అందువల్ల క్షేత్ర సిబ్బంది ఫోన్‌లోని మూల ఫైళ్లనే నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.