మచ్చ పడ్డ ఆకును వెనక్కి తిప్పి చూడండి

ఆకు మీద మచ్చ కనబడగానే మందుల కొట్టుకు వెళ్లి, వాళ్లిచ్చిన పొడి నీళ్లలో కలిపి చల్లేవాళ్లే ఎక్కువ. వారం గడిచినా మచ్చ అలాగే ఉందని, మందు పనిచేయలేదని మళ్లీ చల్లుతారు. మచ్చ పడ్డచోట కణాలు చచ్చిపోయి ఉంటాయి. వాటిని ఏ మందూ బతికించలేదు. వైద్యం ఫలించిందో లేదో ఆ తర్వాత వచ్చే చిగురును చూసి తెలుసుకోవాలి.

అసలు అది తెగులేనా అన్నది మొదటి ప్రశ్న. తులసినే తీసుకోండి. లేత ఆకులు ముడుచుకుపోయి, వెనకవైపు తారు చిలికినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే, తడి దూదితో ఒకసారి తుడవండి. చుక్కలు దూదికి అంటుకుని వస్తే అది శిలీంధ్రం పని కాదు. లేస్ బగ్ అనే చిన్న పురుగు ఆకు రసం పీలుస్తూ వదిలిన మలినం అది. భూతద్దంతో చూస్తే దాని రెక్కలు జల్లెడలా కనిపిస్తాయి. బాగా ముడుచుకున్న కొమ్మలు తుంచేసి, ఆకుల వెనక నీటి ధార పట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లితే సరిపోతుంది. తులసి తీర్థంలో వేసుకునేది, కరివేపాకు పోపులో పడేది. ఈ రెండింటి మీదా శిలీంధ్రనాశకాలు చల్లవద్దని గట్టిగా చెబుతాను.

ఫెర్న్ ఆకు వెనక బారులు తీరిన గోధుమరంగు చుక్కలు రోగమే కాదు, అవి ఆ మొక్క సిద్ధబీజాల గుంపులు. నీడలో ఉన్న కుండీని వేసవిలో ఒక్కసారిగా ఎండలో పెడితే, ఎండ తగిలినవైపే ఆకు తెల్లబారి ఎండుతుంది. నీడకు మార్చాక ఆ మచ్చ పెరగదు. లక్కీ బాంబూ, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడుతుంటే పోసే నీళ్లను అనుమానించాలి. ఈ మొక్కలు ఫ్లోరైడ్‌ను అసలు తట్టుకోలేవు. నల్గొండ ప్రాంతపు బోరు నీళ్లలాంటివి పోస్తే, నీటితో పాటు పైకెక్కిన ఫ్లోరైడ్ ఆకు కొసల్లో పేరుకుని కణాలను చంపుతుంది. మరిగించినా అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాన నీరు పట్టి పోయడం మేలు. ఈ మొక్కలకు సూపర్ ఫాస్ఫేట్ కూడా వేయకూడదు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

తెగులు మచ్చకు పాకే గుణం ఉంటుంది. మచ్చ అంచు వెంట పెన్నుతో సన్నగా గీత గీసి నాలుగు రోజులు ఆగండి. మచ్చ గీత దాటితే తెగులేనని అనుమానించాలి. శిలీంధ్రం మచ్చ సాధారణంగా గుండ్రంగా, పొడిగా, నడుమ కాగితంలా ఎండి ఉంటుంది. ఒక్కోసారి వలయాలు, సూదిమొనంత నల్ల చుక్కలు కూడా కనిపిస్తాయి. బ్యాక్టీరియా మచ్చ మొదట్లో తడిసినట్టు, నూనె మరకలా ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అది తెలుస్తుంది. చాలా మొక్కల్లో అది ఈనెల దగ్గర ఆగి పలకలుగా కనబడుతుంది, చుట్టూ పసుపు అంచు కడుతుంది.

మనీప్లాంట్, ఆగ్లోనీమా, డీఫెన్‌బేకియా, ఆంథూరియం అన్నీ మన చేమ, కందల కుటుంబానికి చెందినవే. మట్టి తడిగా, గాలి తేమగా ఉన్న రాత్రుల్లో ఈ మొక్కలు మిగులు నీటిని ఆకు అంచున ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా వదులుతాయి. తెల్లవారుజామున అక్కడ ముత్యాల్లా నిలిచే బొట్లు అవే. జాంథోమొనాస్ అనే బ్యాక్టీరియా ఆ బొట్లలో పెరిగి, అదే దారిన ఆకులోకి చొరబడుతుంది. 1980లలో హవాయి దీవుల ఆంథూరియం తోటలను ఇది ఘోరంగా దెబ్బతీసింది. లోపలికి చేరాక దీన్ని నయం చేసే మందు లేదు. మచ్చ ఆకులను తుంచి, కత్తెరను ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవాలి. మొక్క తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. తెగులు కాండానికి పాకితే, ఎంత ఇష్టమైన మొక్కనైనా వదులుకోక తప్పదు.

గులాబీ నల్లమచ్చ తెగులు సంగతి వేరు, దాన్ని అదుపులో పెట్టగలం. దీనికి కారణం డిప్లోకార్పాన్ రోజే అనే శిలీంధ్రం. నూలుపోగుల్లా చెదిరిన అంచుతో ఆకు పైన నల్లమచ్చ పడుతుంది, చుట్టూ పసుపెక్కి ఆకు రాలిపోతుంది. దీని సిద్ధబీజం ఆకులోకి దిగాలంటే ఆకు కనీసం 7 గంటలు తడిగా ఉండాలి. తెగులు గుట్టంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లితే ఆ తడి తెల్లారేదాకా ఆరదు. ఉదయం పూట మొక్క మొదలు దగ్గర మాత్రమే పోస్తే ఆ శిలీంధ్రానికి కావలసిన తడి దొరకదు. కుండీల మధ్య గాలి ఆడే జాగా ఉండాలి, రాలిన ఆకులను ఎప్పటికప్పుడు ఏరేయాలి.

వానాకాలంలో ఇవన్నీ చేసినా ఆకు తడవక మానదు. రాగి మందు అవసరం పడేది అప్పుడే. 1882లో ఫ్రాన్స్‌లోని మెడాక్ ప్రాంతంలో, బాటసారులు ద్రాక్షపళ్లు కోసుకోకుండా రైతులు దారి పక్క తీగలకు రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు మాత్రం బూజు తెగులు సోకకపోవడం మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించాడు. 1885లో ఆయన ప్రకటించిన బోర్డో మిశ్రమం అలా పుట్టింది. రాగి ఆకు పైనే ఉండి, వచ్చి పడిన సిద్ధబీజాన్ని మొలకెత్తనివ్వదు. లోపలికి దిగిపోయిన శిలీంధ్రాన్ని చంపలేదు. అందుకే వానలకు ముందే చల్లాలి, వాన కడిగేస్తే మళ్లీ చల్లాలి. కుండీలకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ చాలు. కుండీని ఇంట్లోంచి ఆరుబయటికి తెచ్చి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆకు వెనకవైపు కూడా తడిసేలా కొట్టాలి. తుంచిన ఆకులను ఎరువు కుండీలో వేయకుండా కవర్లో మూటకట్టి చెత్తబండికి ఇచ్చేయండి.