మా వీధి దుకాణము తెరకెక్కిన కథ

మా కుమార్తె చదువు కళాశాలలో ఉపాధ్యాయులు నలుగురేసి విద్యార్థినులను జట్టుగా చేర్చి, తమ పేటలోని మనుష్యు నొకరిని గూర్చి పది నిమిషముల డాక్యుమెంటరీ చిత్రమును తీసికొని రమ్మనిరి. కథ కల్పింపరాదు, నటు లుండరాదు. ఉన్నది ఉన్నట్లు చూపవలయును. పిల్లలు మొదట గొప్పవారి కొఱకు వెదకిరి. గొప్పవారికి తీరిక దొరకలేదు. తుదకు మా వీధి మొగనున్న కిరాణా దుకాణపు పెద్దాయనయే దిక్కయ్యెను. “ఉప్పు, పప్పు అమ్ముకొనువానిలో చూపుట కేమున్నది?” అని మేమును నవ్వితిమి. ఆ నవ్వు తగదని పిమ్మట తెలిసికొంటిమి.

ఇట్టి పనిని లోకప్రసిద్ధురాలైన యొక స్త్రీ యిదివఱకే చేసియున్నది. ఫ్రాన్సు దేశపు దర్శకురాలు ఆన్యెస్ వార్దా పారిస్ నగరమున దాగేర్ వీధిలో అర్ధశతాబ్దమునకు పైగా నివసించి 2019లో మరణించెను. 1972లో ఆమెకు కుమారుడు కలిగెను. పసివానిని విడిచి దూరము పోలేక, తన యింటినుండి లాగిన విద్యుత్తు తీగ యెంతవఱకు సాగునో అంతవఱకు నున్న దుకాణములనే చిత్రింప నిశ్చయించుకొనెను. రొట్టెల యంగడివారు, మాంసము అమ్మువారు, దర్జీ, అత్తరులమ్ము వృద్ధదంపతులు, వీరే అందలి పాత్రలు. 1975వ సంవత్సర ప్రాంతమున వెలువడిన ఆ చిత్రమునకు “దాగెరియోటైప్స్” అని పేరు. ఆ వీధి ఛాయాచిత్రకళకు ఆద్యులలో నొకడగు దాగేర్ పేర వెలసినది. 1839లో లోకమునకు వెల్లడియైన ఆయన పద్ధతికి దాగెరియోటైప్ అని పేరు. బిడ్డను పెంచు తల్లికి కలిగిన కట్టుబాటే ఆ చిత్రమునకు హద్దును, అందమును గూడ అయ్యెను.

మన పిల్లలు మొదటి రెండు దినములు ఏమియు చిత్రింపక దుకాణపు అరుగుమీద ఊరక కూర్చుండిరి. అది మంచిపని. పెద్దాయనకు వారి యెడ బెరుకు తీరెను. పిమ్మట ఫోనుతోనే చిత్రణ మారంభించిరి. బొమ్మకన్న మాటను పట్టుట కష్టమని వారికి త్వరలోనే తెలిసినది. మూలనున్న ఫ్రిజ్ హోరు ఆయన మాటల నన్నిటిని మ్రింగివేసెను. దాని నాపినచో మరల వేయుట మఱచి పాలు విఱిగిపోవునేమో యని భయము. అందులకై తమ స్కూటరు తాళపుచెవిని ఆ ఫ్రిజ్‌లోనే ఉంచిరి! చెవి లేనిదే యిల్లు చేరలేరు గదా. శబ్దము పట్టువారిలో ఈ యుపాయము వాడుకలో నున్నదే.

“మీకు వ్యాపార మిష్టమేనా?” యని యడుగగా ఆయన “ఆఁ” అని యూరకుండెను. “పొద్దున్నే మొదటి బేరం ఎవరిది?” యని యడుగగా పావుగంట మాటలాడెను. పొట్లము కట్టి దారమును పుటుక్కున త్రెంపు ఆ వ్రేళ్ళను, చిల్లరకు బదులు పిల్లల చేతిలో పెట్టు చాక్లెట్టును, మేము ఇరువది యేండ్లుగా చూచుచు చూడని వానిని ఆ చిత్రమున చూచితిమి.

మూడు గంటల చిత్రణమును పది నిమిషములకు కుదించిరి. అందు అన్నిటికన్న మిన్నయైనది అప్పుపద్దుల పుస్తకము. 2020లో లాక్‌డౌన్ నాటి పుటలను ఆయన త్రిప్పుచుండగా వ్రేలు పేరునుండి పేరునకు జారుచుండును. కళాశాలలో చూపుటకు ముందు పెద్దాయనకు చూపవలెనని మేము పట్టుబట్టితిమి. ఆయన తన్ను తాను చూచుకొని చిన్నపిల్లవానివలె నవ్వుచుండి, పుస్తకము రాగానే చిన్నబోయెను.

“అమ్మాయ్, నా మొహం ఎన్నిసార్లయినా చూపించుకో. ఈ పేర్లు మాత్రం వద్దు. ఆ తల్లులు నన్ను నమ్మి రాయించుకున్నారు” అనెను.

సోదరీమణులారా, దాచనేల? ఆ పుటలో నాలుగవ పంక్తి మాదే. ఆ యేట మా యింట మూడు మాసములు జీతము రాలేదు. ఆ మూడు మాసములును మా పొయ్యి ఆరకుండుటకు ఆ పుస్తకమే కారణము. ఆ బాకీ తీరి చాలకాలమైనది. కాని ఆ మాటను ఆయన నాడును నేడును ఎవ్వరితోను అనలేదు. మా కుమార్తె ఆ పంక్తిని చదువలేదో, చదివియు పలుకలేదో మే మడుగలేదు.

మంచి దృశ్యము పోవుచున్నదని జట్టులోని యొక బాలిక కంటనీరు పెట్టుకొనెను. అయినను తీసివేసిరి. ఆ స్థానమున మూసిన యెఱ్ఱ అట్ట పుస్తకమును, దానిపై ఆయన చేతిని మాత్రము చూపిరి. మా కంటికి అదియే యెక్కుడు చెప్పుచున్నట్లు తోచినది.

మీ యింటి పిల్లలును ఇట్టి పనికి పూనుకొన్నచో రెండు మాటలు చెప్పుడు. చిత్రించుటకు ముందు అనుమతి నడుగవలయును. పదిమందికి చూపుటకు ముందు ఆ మనిషికే చూపవలయును. ఇంటర్నెట్టులో పెట్టిన బొమ్మను మరల రప్పించుకొనుట యెవరి తరమును గాదు.

మరునాడు మేము కందిపప్పునకు పోయితిమి. పెద్దాయన ఎప్పటివలెనే తూచి, పొట్లము కట్టి, దారము త్రెంచెను. పుస్తకము మాట ఆయనయు నెత్తలేదు, మేమును ఎత్తలేదు.