పనిని పురమాయించు యంత్రమునకు వివరణ పత్రము

"చెరువుకట్ట సరిచేయుము" అని మేస్త్రి ఒక్క మాట అన్నచో, ఆ ఊరిలోనే పుట్టి పెరిగిన కూలికి అంతకు మించి చెప్పవలసిన పనిలేదు. కట్ట ఎచ్చట కోసుకొనిపోయినదో, మట్టి ఎచ్చటినుండి తేవలెనో అతడెరుగును. పొరుగూరినుండి వచ్చినవాడు నాలుగు ప్రశ్నలు వేసి తెలిసికొనును. ఎరుగనివాడై యుండియు, అడుగక, తనకు తోచినట్లు గబగబ పని సాగించువాడు మూడవవాడు. చిక్కంతయు వానితోనే. నేడు కచేరీలలోను వర్తకములోను ప్రవేశించుచున్న కృత్రిమ మేధా ఏజెంటు, తగిన వివరణ లేనప్పుడు, ఈ మూడవవానివలె ప్రవర్తింపగలదు.

ఏజెంటు అనగా నేమి? మన మాటలను గ్రహించి బదులు వ్రాయు కంప్యూటరు ప్రోగ్రాము, బదులు చెప్పుటతో ఆగక, ఒక కార్యమును మెట్టు వెంట మెట్టుగా తానే నెరవేర్ప బూనుకొన్నచో దానిని ఏజెంటు అందురు. దానికి చేతులు లేవు. లెక్క వ్రాయుట కొకటి, ఉత్తరము పంపుట కొకటి, ఇట్లు కొన్ని పనిముట్లను మనుష్యులే దానికి అమర్చి యిత్తురు. ప్రతి పనిముట్టునకు ఒక పేరు, అది చేయు పనిని తెలుపు వివరణ, దానికి అందింపవలసిన వివరముల పట్టిక యుండును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలోను పనిముట్లను ఈ విధముగనే వర్ణింతురు. ఏజెంటు సాధారణముగా పనిముట్టు లోపలి అమరికను చూడదు; ఈ వివరణనే చదువును. కావున వివరణలో లేనిది దానికి లేనట్లే.

ఈ పనిముట్లలో ఒకటి, క్రొత్త పనిని సృష్టించి, పట్టికలో ఎక్కించి, చేయవలసినవారికి అప్పగించునది. లెక్క తప్పినచో కొట్టివేసి దిద్దవచ్చును. ఈ పనిముట్టు తప్పినచో ఆ తప్పు మరియొకరి శ్రమగా మారును.

ఉదాహరణకు, గద్వాలలో ఒక నేత సంఘము అట్టి ఏజెంటును నియమించినదని ఊహింతము. "మెరూన్ రంగు చీర యొకటి, పండుగలోపల కావలెను" అని ఒక ఉత్తరము వచ్చినది. గద్వాల చీర సంగతి మీరెరిగినదే. నడిమి భాగము నూలు. అంచులును కొంగును పట్టు. రెంటిని నేతలోనే కలుపుదురు. మెరూన్ నడిమి భాగమునకా, అంచునకా? ఏ పండుగ? పనిముట్టు వివరణలో "క్రొత్త పనిని సృష్టించును" అను ఒక్క ముక్కయే యున్నచో, ఏజెంటు తనకు తోచినది పూరించి పంపును. పని నమోదైనట్లు బదులు ఆలస్యమైనచో మరల పంపును. ఒక కోరికకు రెండు పనులు పుట్టి, ఇద్దరు నేతగాండ్ర మగ్గముల కెక్కును. పట్టు, జరీ తెచ్చి, దినముల తరబడి నేసిన పిదప ఒక చీర అక్కరలేదన్నచో నష్టమెవరిది? యంత్రమునకు ఆకలి లేదు.

కాబట్టి వివరణ పత్రమున ఐదు సంగతులు స్పష్టముగ నుండవలెను.

మొదటిది, ఆ పనిముట్టును ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో. ధర మాత్రమే అడిగిన ఉత్తరమునకు పనిని పుట్టింపరాదు. ఉన్న పనిలో మార్పు కోరినచో దానికి వేరొక పనిముట్టు కలదని చెప్పవలెను.

రెండవది, అందింపవలసిన వివరములు. ఏవి తప్పనిసరి, ఏవి ఐచ్ఛికము, కొలత గజములలోనా మీటర్లలోనా అని తెలుపవలెను. 5–6 అన్నచో జూన్ 5 అని ఒకరు, మే 6 అని మరియొకరు గ్రహింతురు. ఒక నిండు ఉదాహరణ చేర్చినచో ఇట్టి సందేహములనేకము తీరును.

మూడవది, వివరము లోపించినప్పటి కర్తవ్యము. ఊహింపక, కోరినవారిని అడుగవలెనని వ్రాయవలెను.

నాలుగవది, పొరపాట్ల సంగతి. బదులు రానప్పుడు, ఆర్డరు సంఖ్యతో పాత పట్టికను వెదకి, పని లేదని తేలిన తరువాతనే మరల పంపవలెను.

ఐదవది, ముగింపును అధికారమును. ఏ గుర్తు కనబడినచో పని పూర్తియైనట్లు? ఖర్చుతో కూడిన పనికి ఏ మనిషి అనుమతి కావలెను?

ఇది మన సీమకు క్రొత్త పాఠము కాదు. 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలు కాకమునుపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2006 ఫిబ్రవరిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైన మొదటి 200 జిల్లాలలో అది యొకటి. పని అడిగినవానికి తేదీ వేసిన రశీదు ఈయవలెననియు, 15 దినములలో పని చూపవలెననియు, లేనిచో నిరుద్యోగ భృతి చెల్లింపవలెననియు 2005 నాటి చట్టము విధించెను. ప్రతి పనికి ఒక సంఖ్య, స్థలము, అంచనా, హాజరు మస్టరు ఏర్పడినవి, అవి కంప్యూటరులకెక్కినవి. "పూడిక తీయుట" అని మాత్రమే వ్రాసి, ఏ చెరువో, పొడవు వెడల్పు లోతు లెంతయో వ్రాయనిచో కొలత తేలదు. కొలత తేలనిచో కూలి తేలదు. సామాజిక తనిఖీలో ఆ కాగితములను, పని చేసిన వారి యెదుటనే చదివి వినిపించుట యిందులకే.

ఏజెంటు పనిముట్టుకు వ్రాయు పత్రమునకు సైతము ఈ తనిఖీ తగును. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివిన యువకుడు యంత్రపు తీరు నెరుగును. పని తీరు నెరిగినవారు నేతగాడును మేస్త్రియు. వీరు కలసి కూర్చుండి పత్రమును వ్రాయవలెను. పిదప కావలెననియే అరకొర కోరికలనిచ్చి పరీక్షింపవలెను. అడుగవలసినచోట ఏజెంటు అడిగినదా, పుట్టింపరాని పనిని పుట్టించినదా అని చూడవలెను. తప్పినచో, ఏజెంటును నిందించుటకు మునుపు పత్రమును దిద్దవలెను.