ఎడమకు తిరగొద్దు!

పది ఇళ్లకు పార్సిళ్లు ఇవ్వాలి. ముందు ఎవరింటికి వెళ్లాలి? ఆ వరసను 36,28,800 రకాలుగా మార్చొచ్చు! అలాంటిది అమెరికా పార్సిల్ సంస్థ యూపీఎస్‌లో ఒక్కో డ్రైవరు రోజూ వందకుపైగా చోట్ల ఆగాలి. పెట్రోలు బంకులకు ట్యాంకర్లు పంపే దారుల కోసం 1959లోనే జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ ఈ చిక్కుముడికి లెక్క కట్టారు.

యూపీఎస్ చిట్కా మాత్రం తేలికే... వీలైనంతవరకూ ఎడమకు తిరగొద్దు! అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపున వెళ్తాయి. ఎడమకు మళ్లాలంటే ఎదురొచ్చే వాహనాలు పోయేదాకా ఇంజిన్ ఆపకుండా నిలబడాల్సిందే. ఇంధనం దండగ, పైగా ప్రమాదం. ఇప్పుడు దారి చెప్పే పని ‘ఓరియన్’ సాఫ్ట్‌వేర్‌ది. దాంతో ఏటా దాదాపు పదికోట్ల మైళ్ల తిరుగుడు తప్పుతోందని 2016లో సంస్థ లెక్కతేల్చింది. మనం రోడ్డుకు ఎడమవైపున వెళ్తాం కాబట్టి, ఇక్కడ తగ్గించుకోవాల్సింది కుడి మలుపుల్ని!