తెల్లబోయిన బంపరు

దుగ్గిరాలలో ఉండే మా బావగారు కొన్నేళ్ళ క్రిందట ఒక పాత మారుతి 800 కారు కొన్నారు. అక్కయ్య గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో కొన్న కారు అది. ఇంటికి తెచ్చిన రోజున దాని బంపర్లు, అద్దాల తొడుగులు, తలుపుల మీది పట్టీలు నిగనిగలాడుతున్నాయి. వారం తిరగకుండానే వాన కురిసింది. మరునాటి ఉదయం చూస్తే బంపరు మీద బూడిద చల్లినట్లు తెల్లని చారలు! "మోసపోయామే!" అంటూ బావగారు అరుగు మీద కూలబడ్డారు. ఇంజను సంగతి కూడా ఇంతేనేమోనని అక్కయ్యకు రెండు రాత్రులు నిద్ర లేదు.

తెనాలిలో కార్ల పని చేసే ఒక పెద్దాయనకు చూపిస్తే ఆయన నవ్వారు. "ఇంజనుకేం ఫరవాలేదు బాబుగారూ. బంపరుకు నూనె పూసి అమ్మారు, అంతే. నలుపు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది" అని, నంబరు పలక మరలు విప్పి తీశారు. పలక క్రింద ఎండ తగలని మేర ప్లాస్టిక్ కొత్తదానిలా నల్లగా ఉంది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కక ముందు మనకు తెలిసిన అంబాసిడర్, ఫియట్ కార్లకు మెరిసే లోహపు బంపర్లుండేవి. అవి తుప్పు పట్టేవి. ప్లాస్టిక్‌కు తుప్పు లేదు గనుక ఇక దిగులు లేదనుకున్నాము. కాని ప్లాస్టిక్‌కు చేటు తెచ్చేది ఎండ.

రంగు వేయని నల్ల బంపర్లు, పట్టీలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. చాలావాటికి లోపలి వైపున పీపీ అనే అక్షరాలు కూడా ఉంటాయి. 1954లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో నట్టా దీనిని గట్టి ప్లాస్టిక్‌గా తయారుచేయగలిగారు. అటువంటి పరిశోధనలకే జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి ఆయన 1963లో నోబెల్ బహుమానం అందుకున్నారు. ఈ ప్లాస్టిక్ చవక, తేలిక, తగిలినా చప్పున విరగదు. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ప్రాణవాయువు కలిసి దీని అణువుల గొలుసులను తెంచివేస్తాయి. నలుపు కోసం కలిపే మసి కొంతవరకు కాపాడుతుంది గాని ఎల్లకాలం కాదు. చివరకు పైపొర కంటికి కనబడని పగుళ్ళతో గరుకెక్కుతుంది. దానిమీద పడిన వెలుతురు చెదిరిపోయి మనకు తెల్లగా కనిపిస్తుంది.

బడిపిల్లల పలక గుర్తుందా? పొడిగా ఉంటే బూడిదరంగు, తడిపితే నల్లన, ఆరితే మళ్ళీ మామూలే. నూనె చేసే పని కూడా అదే. గరుకును నింపి కొద్దికాలం నల్లగా చూపిస్తుంది.

పసుపు మార్కెట్టుకు పేరుపడిన దుగ్గిరాలలో ఎండ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బట్టమీద పసుపు మరక పడితే ఎండలో ఆరవేయాలని ఇక్కడి ఇల్లాళ్ళందరికీ తెలుసు. కాని ఒక భేదముంది. పసుపులో రంగే ఎండకు విరిగిపోతుంది. బంపరులో రంగు ఉంటుంది, పైచర్మం పాడవుతుంది. అందుకే దానిని మళ్ళీ నలుపు చేయడం సాధ్యమైంది.

ముందుగా చేయవలసింది శుభ్రంగా కడగడం. సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. పాత నూనె, జిడ్డు పూర్తిగా పోయేవరకు రెండు మూడుసార్లు రుద్ది, బాగా ఆరనివ్వాలి. ఈ పనికి పెట్రోలు వాడేవారున్నారు. అగ్నిప్రమాదం కొనితెచ్చుకోవడమే, వద్దు. కారు రంగుకు పట్టించిన పాలిష్ ప్లాస్టిక్ గరుకులో చిక్కి తెల్లగా ఎండిపోతే పెన్సిలు రబ్బరుతో రుద్దండి, పోతుంది. గరుకు కాగితం మాత్రం ముట్టవద్దు. ప్లాస్టిక్ మీది అచ్చు అరిగిపోతే తిరిగి రాదు.

కొబ్బరినూనె పూస్తే రెండు రోజుల ముచ్చట. పైగా రోడ్డుమీది దుమ్మంతా దానికే అంటుకుంటుంది. బూటు పాలిష్ చీరలకూ పంచెలకూ అంటుకుంటుంది. సిలికాన్ కలిసిన మెరుపు ద్రవాలు కొంత నయం గాని, నాలుగు వానలకు అవీ పోతాయి. వీటిని స్టీరింగుకు, కాలితో తొక్కే పెడళ్ళకు, టైరు నేలకు ఆనే భాగానికి ఎన్నడూ పూయకూడదు. జారితే ప్రాణాపాయం.

ఎక్కువకాలం నిలిచేవి రెండు. ఒకటి, ప్లాస్టిక్ కోసమే చేసిన నల్లరంగు పూత. ట్రిమ్ రెస్టోరర్ అని అమ్మేవాటిలో ఇది ఒక రకం, మెరుపు ద్రవం ఇంకొక రకం. కొనేముందు డబ్బా మీద చదివి చూసుకోవాలి. ఈ పూత నెలల తరబడి ఉంటుంది. చుట్టూ ఉన్న కారు రంగుకు అంటకుండా కాగితపు టేపు అతికించి, నీడలో పలుచగా పూయాలి. మామూలు పెయింటు నేరుగా వేస్తే పొరలుగా ఊడిపోతుంది. పాలీప్రొపిలీన్‌కు రంగు పట్టదు గనుక ముందు దానికి తగిన ప్రైమరు పడాలి.

రెండవది హీట్ గన్. ఆ వేడిగాలికి పైపొర ఒక్క క్షణం కరిగి పగుళ్ళు కలిసిపోతాయి, నలుపు కళ్ళెదుటే తిరిగి వస్తుంది. చూడ ముచ్చటేగాని, ఇది నేర్చినవారి పని. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ గాలి వేడి అంతకంటే చాలా ఎక్కువ. చేయి ఒకచోట ఆగితే బంపరు వంకర పోతుంది, దగ్గరలోని కారు రంగు పొంగుతుంది. మాటిమాటికీ చేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కూడా. పిల్లలున్న ఇంట్లో ప్రయత్నించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

బావగారు పూతనే ఎంచుకున్నారు. ఒక శనివారం సాయంత్రం అక్కయ్య టేపు అతికిస్తే ఆయన పూశారు. తరువాత కారును వేపచెట్టు నీడకు మార్చారు. ఎండ దెబ్బ కొంత తప్పింది గాని, రాలే పూతను, కాకిరెట్టలను రోజూ తుడవవలసి వచ్చింది.

గొలుసు ఆ మరుసటి ఏడాది విడిపించుకున్నారు. ఇప్పుడు బంధువులలో ఎవరు పాత కారు కొనబోయినా బావగారిని వెంటబెట్టుకు వెళతారు. ఆయన సబ్బునీళ్ళలో తడిపిన తెల్లగుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళి, ముందు బంపరు రుద్ది, ఆరేదాకా అక్కడే నిలబడతారు, అమ్మేవారు చిన్నబుచ్చుకున్నా సరే.