చప్పట్లు ఆగిన తరువాత

2020 మార్చి 22 సాయంత్రం ఐదు గంటలకు దేశమంతా వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టింది. పళ్లేలు, గంటలు మోగాయి. కరోనాతో పోరాడే డాక్టర్లకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు అది జనం పెట్టిన నమస్కారం. మంచిదే. కాని ఆ రోజుల్లోనే, డ్యూటీ ముగించుకొని వచ్చిన నర్సును, "వేరే ఇల్లు చూసుకో అమ్మా" అన్న ఇంటివాళ్లూ ఉన్నారు. ఏప్రిల్‌లో చెన్నైలో, కరోనాతో కన్నుమూసిన ఒక డాక్టరును ఖననం చేయబోయిన వారిపై రాళ్లు రువ్వారు. చివరకు 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, వైద్య సిబ్బందిపై దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా ఖైదు విధించవలసి వచ్చింది. విచిత్రమేమంటే, 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా అంతకుముందే ప్రకటించి ఉంది!

చట్టం రాయిని ఆపగలదు. మనసుకు ధైర్యం చెప్పలేదు. ఆ పని ఇరుగుపొరుగుది.

మన అనంతపురం సీమ సంగతే చూడండి. ఇక్కడ 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ వారి బత్తలపల్లి ఆస్పత్రి కరోనా రోగులకు తలుపులు తెరిచింది. ఊరు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అలాంటి వార్డులలో నిలువెల్లా తొడుగు వేసుకుంటే, అది విప్పేదాకా గుక్కెడు నీళ్లు తాగే వీలుండదు. పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఎండనక గడపగడపకూ తిరిగి జ్వరాల లెక్క రాసుకున్నారు. ఇల్లు చేరితే కన్నబిడ్డను ఎత్తుకోవడానికీ భయమే.

దాహమంటే ఏమిటో కరువుసీమకు ఒకరు చెప్పాలా? వేసవి వస్తే చలివేంద్రం పెట్టి, దారిన పోయేవారికి ఊరూ పేరూ అడగకుండా నీళ్లు పోస్తాం. ఆ గుణమే ఇక్కడా కావాలి. డ్యూటీనుంచి వచ్చేసరికి గడపలో ఒక క్యారియరు, ఇంట్లో ఉన్న ముసలివారికి దూరంనుంచే ఒక పలకరింపు, చావుకబురు చెప్పిన డాక్టరుపై కేకలు వేయని నిగ్రహం — ఇవి ఖర్చులేని మందులు. వంతులవారీ విశ్రాంతి, మంచి మాస్కు, వేళకు జీతం చూడవలసింది పైవారు. అవి లేకుండా పొగడ్తలు మాత్రమే ఇస్తే ఆకలికి తాంబూలం ఇచ్చినట్టే.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. జెనీవా గుర్తించిన ఆ మనిషి రేపు మన వీధిలోకే వస్తుంది. మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా మొదట మన తలుపు తట్టేది ఆమే. ఆమెను గడప బయట నిలబెట్టకుండా, కూర్చోబెట్టి చెంబెడు నీళ్లివ్వడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుందాం. భయం కమ్మిన రోజున మనిషి చేత మంచి చేయించేది అలవాటే.