కువైట్ ప్రయాణానికి నాలుగు గడపలు
కరోనా కాలంలో విమాన ప్రయాణికులను చిక్కుల్లో పడేసిన ట్రాన్సిట్, పరీక్షల నిబంధనల తీరు ఇది

తిరుచానూరు: కరోనా విజృంభించిన రెండేళ్లలో తిరుచానూరు, రేణిగుంట, పుత్తూరు, రైల్వేకోడూరు, రాజంపేట ప్రాంతాల గల్ఫ్ కార్మికులకు వ్యాధి ఒక ఎత్తు, ప్రయాణ నిబంధనలు మరో ఎత్తుగా పరిణమించాయి. సెలవుపై వచ్చి ఇక్కడే నిలిచిపోయిన వారు కొందరైతే, అక్కడ ఉపాధి కోల్పోయి ఇంటికి చేరే దారి లేక అలమటించిన వారు మరికొందరు. యాత్రికుల కోసం నిర్మించిన తిరుచానూరు పద్మావతి నిలయం 2020లో కోవిడ్ కేర్ కేంద్రంగా మారింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అదే భవనం కలెక్టరేట్ అయింది. ఈ మధ్యకాలంలో విదేశీ ప్రయాణ నిబంధనలు ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టడం కష్టమే.

అంతర్జాతీయ విమానాలను కేంద్రం 2020 మార్చి 22 అర్ధరాత్రి దాటాక నిలిపివేసింది. రెగ్యులర్ సర్వీసులు తిరిగి ప్రారంభమైంది 2022 మార్చి 27న. మధ్యలో 2020 మే 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానాలు, ఆ తర్వాత ఆయా దేశాలతో కుదిరిన ‘ఎయిర్ బబుల్’ ఒప్పందాల విమానాలే దిక్కయ్యాయి.

సరిహద్దే తొలి గడప

రేణిగుంటలో అంతర్జాతీయ స్థాయి టెర్మినల్ ఉన్నా అప్పట్లో రెగ్యులర్ విదేశీ సర్వీసులు లేవు. ఇక్కడి వారికి దగ్గర దారి చెన్నై. పుత్తూరు, నగరి మీదుగా సుమారు 140 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో మూడు గంటల ప్రయాణం. అయితే నగరి దాటితే తమిళనాడు. 2020 వేసవిలో ఆ రాష్ట్రం ఈ-పాస్ తప్పనిసరి చేసింది. తిరుగు ప్రయాణంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ‘స్పందన’ పోర్టల్‌లో నమోదు చేసుకోవలసి వచ్చేది. పైగా కేసులు అధికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో తమిళనాడు ఉండటంతో అక్కడి నుంచి వచ్చేవారికి క్వారంటైన్ అదనం. విమానం ఎక్కకముందే రెండు ప్రభుత్వాల అనుమతులు సంపాదించవలసిన పరిస్థితి హైదరాబాద్ వాసులకు లేదు. సరిహద్దు జిల్లాకే ఆ భారం పడింది.

దుబాయ్‌లో పద్నాలుగు రోజులు

కువైట్ 2020 ఆగస్టు 1న విమాన సర్వీసులను పునరుద్ధరిస్తూనే, నిషేధిత దేశాల జాబితాలో భారత్‌ను చేర్చింది. భారత్ నుంచి నేరుగా రావడానికి వీల్లేదు. నిషేధం లేని మూడో దేశంలో 14 రోజులు గడిపి, అక్కడ పీసీఆర్ పరీక్ష చేయించుకొని నెగెటివ్ పత్రంతో రావచ్చు. దాంతో దుబాయ్ మజిలీ అయింది. టికెట్టు, విజిట్ వీసా, రెండు వారాల బస, పరీక్ష రుసుము కలిపి ఏజెంట్లు ప్యాకేజీలుగా అమ్మారు. అకామా పోతుందన్న భయంతో అప్పులు చేసి బయల్దేరిన వారే ఎక్కువ. ఆరు నెలలకు మించి బయట ఉంటే అకామా రద్దయ్యే నిబంధనను కువైట్ అప్పట్లో సడలించినా, గడువు ముగిసిన అకామాను రెన్యువల్ చేయించవలసింది యజమానే. ఆయన దయ తలిస్తేనే కార్మికునికి దారి.

ఇంటి పనివారి కోసం కువైట్ 2020 డిసెంబరులో ‘బిల్‌సలామా’ అనే ప్రత్యేక పోర్టల్‌ను తెరిచింది. యజమాని నమోదు చేసి క్వారంటైన్ ఖర్చు చెల్లిస్తే పనిమనిషి భారత్ నుంచి నేరుగా రావచ్చు. కడప, చిత్తూరు జిల్లాల నుంచి వెళ్లే మహిళల్లో అత్యధికులు ఇంటిపని వీసాదారులే కనుక వారికి ఇది ఊరట. కంపెనీలు, దుకాణాల్లో పనిచేసే పురుషులకు మాత్రం దుబాయ్ దారే మిగిలింది.

ఆ దారి కూడా ఉన్నట్టుండి మూసుకుపోయింది. 2021 ఫిబ్రవరి 3న సౌదీ అరేబియా, 7న కువైట్ విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేశాయి. అప్పటికే దుబాయ్‌లో రోజులు లెక్కపెట్టుకుంటున్న భారతీయులను స్వదేశానికి తిరిగి వెళ్లవలసిందిగా యూఏఈలోని మన రాయబార కార్యాలయం సూచించింది. పద్నాలుగింట పన్నెండు రోజులు పూర్తి చేసినవారికీ మినహాయింపు లేకపోయింది. ఆ ఏప్రిల్‌లో యూఏఈ సైతం భారత ప్రయాణికులకు తలుపులు మూసింది.

గంటల లెక్క ఎక్కడ మొదలు?

ఎక్కువ మంది పొరబడింది పరీక్ష గడువు విషయంలోనే. 72 గంటలు అంటే రిపోర్టు చేతికి వచ్చినప్పటి నుంచి అని చాలామంది భావించారు. సాధారణంగా లెక్క మొదలయ్యేది నమూనా ఇచ్చిన క్షణం నుంచి. ఫలితం రావడానికి ఒక రోజు పడితే ఆ 24 గంటలూ అందులోనే కరిగిపోయేవి.

ఉదాహరణకు తిరుపతిలో గురువారం ఉదయం 9 గంటలకు నమూనా ఇచ్చిన వ్యక్తి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు చెన్నైలో విమానం ఎక్కితే 66 గంటలు అవుతుంది. అక్కడివరకు క్షేమమే. దుబాయ్‌లో రెండో విమానం అక్కడి కాలమానం ప్రకారం ఉదయం 11.30కి ఉందనుకుందాం. మన గడియారంలో అది మధ్యాహ్నం ఒంటిగంట. అంటే 76 గంటలు. చివరి విమానం నుంచి లెక్కించే దేశానికి వెళ్తుంటే ఆ కాగితం చెల్లదు. మొదటి విమానం నుంచి లెక్కించే దేశమైతే చెల్లుతుంది. ప్రయాణికుడు ఒకడే, కాగితం ఒకటే, చెల్లుబాటు మాత్రం గమ్యాన్ని బట్టి.

అమెరికా ఈ విషయంలో స్పష్టంగా వ్యవహరించింది. 2021 జనవరి 26 నుంచి నెగెటివ్ పత్రం తప్పనిసరి చేసినప్పుడు 72 గంటలు అనకుండా ‘3 రోజులు’ అంది. గంటతో నిమిత్తం లేదు, తేదీ చాలు. మధ్యలో విమానం మారినా, ప్రయాణమంతా ఒకే బుకింగ్‌లో ఉండి ఒక్కో విరామం 24 గంటలు మించకపోతే మొదటి విమానం నుంచే లెక్క. అదే ఏడాది డిసెంబరు 6 నుంచి గడువును ఒక్క రోజుకు కుదించి, 2022 జూన్ 12న నిబంధనను ఎత్తివేసింది.

యూఏఈది ఇందుకు భిన్నమైన పద్ధతి. 2021 ఆగస్టు 5న ట్రాన్సిట్ ప్రయాణికులను, నివాస వీసాదారులను తిరిగి అనుమతిస్తూ నివాస వీసాదారులకు 48 గంటల్లోపు పరీక్షతో పాటు విమానాశ్రయంలోనే బయల్దేరే ముందు ర్యాపిడ్ పీసీఆర్ విధించింది. దీంతో గంటల ముందే చెన్నై చేరవలసి వచ్చింది. అక్కడ పాజిటివ్ వస్తే ప్రయాణం అంతటితో సరి. 2022 ఫిబ్రవరి వరకు ఈ షరతు కొనసాగింది.

రెండు టికెట్ల తంటా

ట్రాన్సిట్ అనగానే విమానాశ్రయంలో కూర్చుని మరో విమానం ఎక్కడమేనని అందరూ అనుకుంటారు. ఒకే బుకింగ్ అయితే అది నిజమే. సామాను నేరుగా గమ్యానికి చేరుతుంది, ప్రయాణికుడు ఇమిగ్రేషన్ దాటడు. చౌకగా వస్తుందని వేర్వేరు సంస్థల టికెట్లు రెండు విడివిడిగా కొంటే కథ మారుతుంది. సామాను తీసుకోవడానికి బయటికి రావాలి. బయటికి వస్తే ఆ దేశంలో ప్రవేశించినట్టే. వీసా, పరీక్ష, క్వారంటైన్ నిబంధనలన్నీ వర్తిస్తాయి. ఏజెంటు ఈ తేడా చెప్పకపోవడం వల్ల చెక్-ఇన్ కౌంటరు నుంచే వెనుదిరిగిన వారున్నారు. పత్రాలు సరిలేని ప్రయాణికుని తీసుకెళ్తే తిరిగి తీసుకురావలసిన బాధ్యత విమానయాన సంస్థదే కనుక కౌంటరులోనే గట్టిగా సరిచూస్తారు. ఇమిగ్రేషన్ అధికారి కంటే ముందు దాటవలసిన గడప ఆ కౌంటరే.

ఇంటిపేరుతో ఇక్కట్లు

2021 ఆగస్టులో కువైట్ టీకా వేసుకున్న విదేశీ నివాసులను అనుమతించింది. ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ టీకాలకే గుర్తింపు. కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా టీకాయే అయినా, మన సర్టిఫికెట్‌పై ఆ పేరు లేకపోవడం కొంత గందరగోళానికి దారితీసింది. కోవాగ్జిన్ వేయించుకున్నవారు ఆగిపోయారు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు లభించింది 2021 నవంబరు 3న.

మన వారికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. టీకా వేయించుకున్నది ఆధార్‌తో. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. వేలిముద్ర వేసి సంపాదించుకునే కార్మికునికి ఈ తేడా ఎవరు చెబుతారు? కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు చేర్చే వీలు 2021 జూన్‌లో వచ్చింది. పేరు మార్పుకు ఒక్కసారే అవకాశం. అందులో తప్పు దొర్లితే మళ్లీ మొదటికే. విదేశాల్లో ఉద్యోగం, చదువు ఉన్నవారికి రెండో డోసును 84 రోజులు ఆగకుండా 28 రోజులకే ఇచ్చే ఏర్పాటు కూడా అప్పుడే జరిగింది. తెలిసినవారు వాడుకున్నారు.

తిరుగు ప్రయాణంలోనూ

వచ్చేవారి కోసం కేంద్రం 2020 ఆగస్టులో ‘ఎయిర్ సువిధ’ పోర్టల్‌ను అమల్లోకి తెచ్చింది. 2021 ఫిబ్రవరి 22 నుంచి 72 గంటల్లోపు ఆర్‌టీ-పీసీఆర్ పత్రాన్ని అందులో అప్‌లోడ్ చేయడం తప్పనిసరి అయింది. ఇంగ్లిషు ఫారాన్ని సెల్‌ఫోన్‌లో పూరించలేని కార్మికులు తోటివారికి డబ్బిచ్చి చేయించుకున్నారు. 2022 నవంబరు 22న ఈ విధానాన్ని రద్దు చేశారు.

అంతటితో ముగియలేదు. చైనాలో కేసులు పెరగడంతో 2023 జనవరి 1 నుంచి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయ్‌లాండ్ ప్రయాణికులకు పరీక్ష విధించారు. కొద్ది రోజులకే, ఎక్కడి నుంచి బయల్దేరినా ఆ దేశాల విమానాశ్రయాల మీదుగా వచ్చేవారికీ వర్తింపజేశారు. అమెరికా నుంచి సింగపూర్‌లో విమానం మారి చెన్నైకి వచ్చేవారూ పరీక్ష చేయించుకోవలసి వచ్చింది. ఫిబ్రవరి 13న ఆ షరతును తొలగించారు.

కరోనా నిబంధనలు తొలగినా ట్రాన్సిట్‌కు సంబంధించిన ఒక పాత ఆరోగ్య నిబంధన మాత్రం ఉంది. పసుపు జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి, వాటి మీదుగా వచ్చేవారు టీకా కార్డు చూపాలి. లేకుంటే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. విరామమంతా విమానాశ్రయం లోపలే గడిపినవారికి ఆయన మినహాయింపు ఇవ్వవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటవుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది.